ప్రభుభోజనము: వాక్యార్థవిచారము

క్రైస్తవుల యారాధనలో రొట్టెను, ద్రాక్షారసమును పంచుకొను సంస్కారమునకు మన తెలుగున రెండు పేళ్లు వ్యవహారములో నున్నవి. ప్రొటెస్టెంటు సంఘములవారు దానిని ప్రభురాత్రి భోజన మందురు. కథోలికులు దివ్యసత్ప్రసాద మందురు. మొదటి పేరు వినగానే బల్లయు, దాని చుట్టును గూర్చున్న మనుష్యులును తలపునకు వత్తురు. రెండవ పేరు వినగానే పీఠమును, దానిపై నుంచబడిన పవిత్రవస్తువును తలపునకు వచ్చును. ఈ రెండు తలపుల నడుమనున్న యెడమే యూరపుఖండమును కొన్ని శతాబ్దములపాటు కలచివైచిన వాదమునకు చోటిచ్చినది. క్రీస్తు తాను పట్టువడిన రాత్రి శిష్యులతో భుజించుచు, రొట్టెను విరిచి యిచ్చి దానిని తన శరీర మనియు, పాత్రను తన రక్త మనియు చెప్పెనని సువార్తలు తెలుపుచున్నవి. ఆ చెప్పుట యెట్టిది? రొట్టె నిజముగా శరీరమైనదా? శరీరమునకు గుర్తు మాత్రమైనదా? ఈ రెండును గాక మూడవ మార్గ మేదైన గలదా?

మే మీ ప్రశ్నను మతాచార్యుల పీఠమునుండి గాక, వాక్యార్థమును విచారించు పాఠకుల పక్షమునుండి పరిశీలింపదలచితిమి. ఒక వాక్యమునకు అర్థము చెప్పుట తగవై, తగవు దండనయై, దండన చితిమంటయైన విధమును తెలిసికొనుట ఏ మతమువారికైనను ఉపకరించును. మా యభిప్రాయమును మొదటనే చెప్పివేయుదుము. ఈ వాదమున ప్రతియొక పక్షమును కొంత నిజమును పట్టుకొన్నది. కాని వాదము ముదిరినకొలదిని అందరును ‘క్రీస్తు సన్నిధి యెట్లు కలుగుచున్నది’ అను ప్రశ్నకే కట్టువడి, ‘ఆ సన్నిధి యెవరెవరిని ఒక్కటిగా జేయవలెను’ అను ప్రశ్నను ప్రక్కకు ద్రోసిరి. ఆ మరపునకు వెల చెల్లించినవారు పండితులు కారు. బల్లకు దూరముగా నిలువబెట్టబడిన బీదలు.

వాదము మొదట సౌమ్యముగనే యుండెను. తొమ్మిదవ శతాబ్దమున ఉత్తర ఫ్రాన్సునందలి కోర్బీ యను మఠములో ఇద్దరు సన్న్యాసులు ఈ విషయమునే చెరియొక గ్రంథము వ్రాసిరి. పాస్కాసియస్ రాద్బెర్తు అనునాతడు, రొట్టెలోనున్నది మరియమ్మ కన్న శరీరమే యనెను. రత్రామ్ను అనునాతడు, రాజగు చార్లెసు ప్రశ్నింపగా బదులు వ్రాయుచు, శరీరము అక్కడ కలదు గాని కంటికి గానవచ్చు రీతిని గాక గూఢరీతిని గల దనెను. ఒకే కప్పు క్రింద నివసించుచు ఇద్దరును భిన్నాభిప్రాయులై యుండిరి. ఇందుకై యెవరిని నెవరును కాల్చలేదు. పదునొకండవ శతాబ్దమునాటికి గాలి మారినది. తూర్సు నగరపు బెరెంగారు అను పండితుడు గూఢరీతి పక్షమును సమర్థించినందున 1059వ సంవత్సరమున రోమునగరమునకు రప్పింపబడెను. క్రీస్తు శరీరమే విశ్వాసుల దంతములచేత నమలబడుచున్న దను నర్థముగల ప్రమాణపత్రమును చదివింపజేసిరి. ఇంత మోటైన మాటను తరువాతి కథోలిక పండితులే సరిదిద్దవలసి వచ్చెను. నలుగుట కంటికి గనబడు రూపమునకే గాని శరీరమునకు గాదని పదుమూడవ శతాబ్దమున థామస్ అక్వినాసు వివరించెను.

అక్వినాసు చెప్పిన సమాధానమును మన తర్కసంగ్రహము చదివిన విద్యార్థి సులభముగా గ్రహింపగలడు. ప్రతి వస్తువునందును ద్రవ్య మొకటి, దాని నాశ్రయించిన రూపరసగంధాది గుణములు కొన్ని. లోకమున మార్పులు సాధారణముగా గుణములయందు కలుగును: పచ్చికాయ పండగును, రంగు మారును, కాయ మాత్రము ఆ కాయయే. ఈ సంస్కారమునందో, గుణము లన్నియు నిలిచియుండగా ద్రవ్యమే మారుచున్న దని యాతని సిద్ధాంతము. రుచి రొట్టెదే, బరువు రొట్టెదే. ద్రవ్యము మాత్రము క్రీస్తు శరీరము. ‘ఆశ్రయమైన ద్రవ్యము పోయినపిమ్మట గుణము లెక్కడ నిలుచును?’ అని మన విద్యార్థి వెంటనే యడుగును. అక్వినాసు ఆ ప్రశ్నను తానే వేసికొని, దైవశక్తిచేత పరిమాణ మను గుణమే తక్కిన గుణములకు ఆశ్రయ మగుచున్న దని బదులు చెప్పెను. ఈ బదులు ఒప్పుకొన్నను మానినను, దాని యుద్దేశమును మాత్రము గుర్తింపవలెను. ఆతడు మూఢవిశ్వాసమును బోధించుటకు గాక, మోటుదనమునుండి వాక్యమును కాపాడుటకే ఈ తర్కమును నిర్మించెను. 1215వ సంవత్సరపు లాటెరాను మహాసభ ద్రవ్యపరివర్తన మను మాటను అంతకుముందే వాడియుండెను. 1551లో ట్రెంటు మహాసభ దానిని దృఢపరచెను. కథోలికుల సిద్ధాంతము నేటికిని అదియే.

ఇచట ఒక సంగతి గమనింపదగి యున్నది. అక్వినాసు ఈ సంస్కారమునకు పరమఫల మేమి యని యడిగి, సంఘమను శరీరముయొక్క ఐక్యమే యని స్పష్టముగా వ్రాసెను. అనగా రొట్టె మారుట అంతిమప్రయోజనము గాదు. మనుష్యులు ఒక శరీరమగుటకు అది సాధనము. కాని ఈ రెండవ భాగము క్రమముగా మరుగుపడెను. ఫ్రెంచి పండితుడు హెన్రీ ద లుబాకు 1944లో ప్రకటించిన గ్రంథమున ఒక పదముయొక్క చరిత్రను శోధించి ఈ మరుగును బయటపెట్టెను. తొలి మధ్యయుగమున లాటిను రచయితలు ‘గూఢశరీర’ మను మాటను సంస్కారపు రొట్టెకు వాడుచుండిరి. ‘నిజశరీర’ మనగా విశ్వాసుల సంఘము. పండ్రెండవ శతాబ్దమున ఆ రెండు పేళ్లును తారుమారైనవి. రొట్టె ‘నిజశరీర’ మైనది, సంఘము ‘గూఢశరీర’ మైనది. శబ్దములు స్థానము మార్చుకొన్నచో భావములును స్థానము మార్చుకొనును. కన్నుల యెదుటనున్న మనుష్యులు గూఢమైపోయి, కన్నులకు గానరాని మార్పు నిజమైపోయెను. భాషాచరిత్ర మతచరిత్రమున కెంతటి దీపమో చూపుటకు ఇంతకంటె మంచి యుదాహరణము మాకు తెలియదు.

పదునారవ శతాబ్దమున సంస్కర్తలు బయలుదేరిరి. జర్మనీదేశమున మార్టిన్ లూథరును, స్విట్జర్లాండునందలి జూరికు నగరమున ఉల్రికు జ్వింగ్లీయు రోమునకు ఎదురు నిలిచిరి. వీరిద్దరును మొదట పైజెప్పిన మరచిన భాగమును బాగుగా నెరిగినవారే. లూథరు 1519లో ఈ సంస్కారమును గూర్చి వ్రాసిన చిన్న గ్రంథమునందు, దీనియందు పాల్గొనువాడు తోడివారి కష్టములను తనవిగా మోయుట కొప్పుకొనుచున్నా డని చెప్పి, పుణ్యసమాజములను పేరిట విందులు చేసికొని త్రాగువారిని తీవ్రముగా నిందించెను. జ్వింగ్లీ 1525లో జూరికునందు క్రొత్తపద్ధతిని నెలకొల్పినపుడు వెండిబంగారు పాత్రలను తొలగించి, కొయ్యపళ్లెములలోను కొయ్యగిన్నెలలోను రొట్టెరసములను సభ్యులు కూర్చున్నచోటికి పంపించి, ఒకరినుండి యొకరు అందుకొనునట్లు చేసెను. ఇద్దరి హృదయములును బల్లయొద్దనే యుండెను. అయినను ఇద్దరును కలిసికొన్న దినమున బల్లను మరచి వ్యాకరణమును పట్టుకొనిరి.

ఆ కలయిక 1529వ సంవత్సరము అక్టోబరు మొదటి దినములలో మార్బుర్గు కోటయందు జరిగెను. హెస్సెరాజగు ఫిలిప్పు, సంస్కరణపక్షము చీలిపోయినచో శత్రువులకు లోకువయగు నని భయపడి, వారి నచటికి పిలిపించెను. లూథరు బల్లపై సుద్దముక్కతో క్రీస్తు వాక్యమును లాటినులో వ్రాసికొని, దానిమీదనుండి కదలనని కూర్చుండెను. జ్వింగ్లీ, శరీరమువలన ప్రయోజనము లేదనియు ఆత్మయే జీవింపజేయు ననియు యోహాను సువార్త యారవ యధ్యాయమున చెప్పబడిన భావమును చూపెను. క్రీస్తు శరీరము పరలోకమున నుండగా అదే శరీరము అన్నిచోట్ల బల్లలపై నెట్లుండు నని యడిగెను. దేవుని మాట యున్నచోట ‘ఎట్లు’ అను ప్రశ్నకు తావులేదని లూథరు బదులు చెప్పెను. కడకు పదునైదు విషయములు కాగితమున కెక్కినవి. పదునాలుగింట ఏకీభవించిరి. పదునైదవదానియందును చాలభాగ మొప్పుకొని, శరీరము రొట్టెలో శరీరముగనే యున్నదా యను నొక్క ముక్కయొద్ద నిలిచిపోయిరి. జ్వింగ్లీ కన్నీటితో స్నేహహస్తము చాచెననియు, లూథరు దానిని సోదరహస్తముగా స్వీకరింప నిరాకరించె ననియు చెప్పుదురు. రెండేండ్లకు జ్వింగ్లీ కప్పెల్ యుద్ధరంగమున మడిసెను.

వారి వాదమునందలి కీలక మేమి? ‘అగును’ అను నర్థమిచ్చు లాటిను క్రియాపదము. ఆ క్రియకు ‘సూచించును’ అని యర్థము చెప్పవలెనని జ్వింగ్లీ. ఆ క్రియ కదలరాదని లూథరు. తెలుగు పాఠకునకు ఇది చూడగానే ఒక చిరునవ్వు రాకమానదు. మన భాషయందు ‘ఇది మా యిల్లు’ అన్నచో క్రియాపదమే లేదు. తెలుగు బైబిలునందలి ఆ వాక్యమునను లేదు. క్రీస్తు మాటలాడిన అరామెయికు భాషయందును అట్టి వాక్యమునకు క్రియ యక్కరలేదు. వాదమునకు ఆధారమైన మాట గ్రీకు లాటిను పాఠములలో నున్నది గాని, చెప్పినవాని నోట నుండనక్కరలేదన్నమాట! అంతమాత్రమున ప్రశ్న తీరిపోయిన దని మేమనము. ‘ఆ దొర సింహము’ అన్నప్పుడు క్రియ లేకున్నను ‘ఏ విధముగా సింహము?’ అను ప్రశ్న నిలిచియే యుండును. మేము చెప్పున దింతే: ముడి క్రియయందు లేదు, కావున క్రియను పట్టి లాగినంతమాత్రమున ముడి వీడదు.

మన యాలంకారికులు ఇట్టి వాక్యములను చక్కగా విభజించిరి. వాచ్యార్థమునకు బాధ కలిగినపుడు, దానితో సంబంధముగల వేరొక యర్థమును గ్రహించుట లక్షణ. గంగయందు గొల్లపల్లె యున్నదన్నచో, నీటిపై పల్లె యుండజాలదు గనుక ‘గంగయొడ్డున’ అని గ్రహింతుము. ఇచట మొదటి యర్థము పూర్తిగా తొలగెను. బల్లెములు లోపలికి వచ్చుచున్నవన్నచో బల్లెములు పట్టిన భటులు వచ్చుచున్నారని గ్రహింతుము. ఇచట మొదటి యర్థము పోక, మరియొకదానిని తోడు తెచ్చుకొన్నది. జ్వింగ్లీ వ్యాఖ్య మొదటి జాతికి చేరును. లూథరు, లక్షణ యన్న మాటనే సహింపనివాడైనను, తెలియకయే రెండవ జాతిని స్వీకరించెను. ధనము నిండిన సంచిని చూపి ‘ఇవి నూరు నాణెము’లనినచో సంచియు కలదు, నాణెములును కలవు, అటులనే రొట్టెయు కలదు, శరీరమును కల దని యాతడే 1528లో వ్రాసెను. అంతకుముందు 1520లో, కాలిన యినుమునందు నిప్పును ఇనుమును ఒక్కటిగా నున్నట్లు, అనెను. మన వేదాంతులు కాలిన యినుపగుండును దృష్టాంతముగా చెప్పుట యెరిగినవారికి ఈ పోలిక సొంతయింటి మాటవలె తోచును.

ఈ రెంటి నడుమ దారిని వెదకినవాడు జెనీవా నగరపు జాను కాల్విను. రొట్టె గుర్తే గాని వట్టి గుర్తు గాదని యాతని మతము. దేవుడు గుర్తును చూపి వస్తువును దాచుకొను వంచకుడు గాడు. గుర్తు నందుకొన్న విశ్వాసికి పరిశుద్ధాత్మద్వారా క్రీస్తు తన్ను తానే యిచ్చుకొనును. ఎట్లని యడిగిన, ఇది నా బుద్ధికి మించిన రహస్యము, నేను దానిని గ్రహించుటకంటె అనుభవింతు నను భావమున నాతడు వ్రాసెను. పెద్ద తార్కికుడై యుండియు తర్కము నిలువవలసినచోట దానిని నిలిపిన వివేకమునకు మేము నమస్కరింతుము.

ఇట్టి వివేకము రాజులకును న్యాయస్థానములకును లేకపోయెను. ఇంగ్లండునందు జాన్ ఫ్రిత్ అను యువపండితుడు, సన్నిధి యెట్లు కలుగు నను విషయమున ఇదమిత్థ మని ఎవరిని నిర్బంధింపరాదనియు, అది మోక్షమున కావశ్యకమైన నమ్మకము గాదనియు చెప్పినందుకు 1533లో లండను నగరమున కాల్చబడెను. ఆన్ అస్క్యూ అను స్త్రీ యీ సిద్ధాంతమును నిరాకరించినందుకు 1546లో చిత్రహింసల పాలై, నడువలేక కుర్చీలో మోసికొనిపోబడి కాల్చబడెను. 1556లో ఆర్చిబిషప్పు క్రాన్మరునకును ఆ గతియే పట్టెను. క్రూరత్వ మొక పక్షమువారి సొత్తు కాదు. ప్రొటెస్టెంటు రాణి యెలిజబెత్తు కాలమున, కథోలిక పూజ జరుపు గురువులకు ఇంట నాశ్రయమిచ్చిన నేరమున యార్కునగర వాసిని మార్గరెట్ క్లిథరో 1586లో బరువుల క్రింద నలిపి చంపబడెను. విరిచి పంచుకొనుమని యిచ్చిన రొట్టె పేరిట మనుష్యుల యెముకలు విరువబడెను.

ఇదే యింగ్లండునందు ఒక పుస్తకముయొక్క పాఠభేదములు ఈ కలహమును మౌనముగా చెప్పుచున్నవి. 1549వ సంవత్సరపు ప్రార్థనపుస్తకమున, రొట్టె నిచ్చునపుడు గురువు చెప్పవలసిన మాట దానిని ప్రభుశరీర మని పేర్కొనును. 1552వ సంవత్సరపు పుస్తకమున ఆ మాట తీసివేయబడి, క్రీస్తును జ్ఞప్తియందుంచుకొని తినుమను మాట చేర్చబడెను. 1559లో ఆ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి యొక్కటిగా కుట్టిరి. దీనిని రాజకీయపు టుపాయ మని కొందరందురు. అటులనే యగుగాక. కాని సన్నిధిని నమ్మువాడును స్మరణను నమ్మువాడును ఒకే మోకాళ్లవరుసలో ఒకరి ప్రక్క నొకరు చేరుటకు ఆ కుట్టుపని తోడ్పడినది. సంపాదకుని కలము తలారి కత్తికంటె మేలుగా పనిచేసిన తావు లరుదు, ఇది యొకటి.

ఇక మూలమునకు పోవుదము. ఈ సంస్కారమును గూర్చి మనకు లభించిన వ్రాతలలో ప్రాచీనతమము సువార్తలు గావు, క్రీ.శ. 54వ సంవత్సర ప్రాంతమున పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక. ఆతడు క్రీస్తు మాటలను ఏల జ్ఞాపకము చేయవలసి వచ్చెను? ఆ సంఘమునందు సన్నిధి యెట్టిదను సందేహము పుట్టినందున గాదు. కలిగినవారు తమ భోజనమును ముందుగా తిని మత్తులగుచుండగా, లేనివారు ఆకలితో చూచుచున్నా రను వార్త చేరినందున! మీరు తినునది ప్రభుభోజనమే కాదు, దేవుని సంఘమును తృణీకరించి పేదలను సిగ్గుపరచుచున్నా రని పౌలు మందలించెను. శరీరమును వివేచింపక తినువాడు తనకే శిక్షను తెచ్చుకొను నని హెచ్చరించెను. ఏ శరీరము? రొట్టె విషయమైన శరీర మని కొందరును, సంఘ మని కొందరును వ్యాఖ్యానింతురు. కొంచెము ముందే ఆతడు, రొట్టె యొక్కటే గనుక అనేకులమైన మన మొక్క శరీర మని చెప్పియుండెను; కొంచెము తరువాత, మీరే క్రీస్తు శరీర మని చెప్పబోవుచుండెను. పూర్వాపరములు చూచువానికి రెండర్థములును ఇచట విడదీయరానివిగా తోచును.

మీమాంసకుల పద్ధతి యొకటి ఇచట జ్ఞప్తికి వచ్చుచున్నది. యూపస్తంభమును సూర్యుడనియు, దర్భముష్టిని యజమానుడనియు చెప్పు వైదికవాక్యములు కలవు. స్తంభము నిజముగా సూర్యుడా యని వారు కలహింపలేదు. అట్టి వాక్యము ఒంటరిగా నిలువదు, ప్రక్కనున్న విధివాక్యముతో కలిసి, చేయవలసినదానివైపు మనుష్యుని నడిపించుటయందే దానికి సార్థక్య మని నిర్ణయించిరి. క్రీస్తు వాక్యము కేవలము స్తుతి యని మేము చెప్పము. అట్లు చెప్పుటకు క్రైస్తవు లొప్పుకొనరు, మాకును ఆ యధికారము లేదు. కాని ఆ వాక్యమునకు ముందు ‘తీసికొని తినుడు’ అను భావముగల యాజ్ఞయు, పౌలు లూకాల పాఠములలో తరువాత ‘జ్ఞాపకార్థము దీనిని చేయుడు’ అను భావముగల యాజ్ఞయు కలవు. నడుమనున్న మాటను ఈ రెండాజ్ఞలనుండి కోసివేసి, దాని నొక్కదానినే బల్లపై సుద్దతో వ్రాసికొనుటయే మార్బుర్గులో జరిగిన పొరపాటు. లూథరును జ్వింగ్లీయు వాదించినది వాక్యఖండమును గూర్చి. క్రీస్తు పలికినది వాక్యసముదాయము.

ఇట్లు చెప్పుట సంస్కారమును వట్టి సంఘసంస్కరణముగా మార్చివేయుట గాదా యని యొక యాక్షేపము రావచ్చును. అది తగిన యాక్షేపమే. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుటయే పరమార్థమైనచో సత్రము చాలును, ఆలయ మెందుకు? మా ప్రత్యుత్తర మిది. పౌలు మందలింపునకు బలము వచ్చినది సన్నిధి నిజమను నమ్మకమునుండియే. బల్లపై నున్నది సాధారణపు విందైనచో, పేదవానిని విడిచి తినుట మర్యాదలోపము. అక్కడ క్రీస్తే యున్నచో, అది క్రీస్తునే అవమానించుట. కావున సన్నిధిని గట్టిగా నమ్మినకొలదిని తోడిమనుష్యుని విషయమున భారము హెచ్చవలెను గాని తగ్గరాదు. నాలుగవ శతాబ్దపు క్రిసోస్తోము, పీఠముపై నున్న క్రీస్తు శరీరమునకు పట్టువస్త్రములు కప్పి, వాకిట చలికి వణకు క్రీస్తును విడువరాదను తాత్పర్యమున ప్రసంగించెను. సిద్ధాంతమున ఆతడు సన్నిధి పక్షమువాడే. ఆ పక్షమువాడు గనుకనే అట్లు పలికెను.

సిద్ధాంతము సరిగా నుండియు బల్ల చెడిపోవుట కొక్క చరిత్రను చూపుదుము. దక్షిణాఫ్రికాయందలి డచ్చి సంస్కృత సంఘము కాల్విను మార్గము ననుసరించునది. ఆ సంఘసభ 1829లో, వర్ణభేదము లేక అందరికిని ఒకేసారి ప్రభుభోజన మీయవలె నని సరియైన తీర్మానమే చేసెను. 1857లో అదే సంఘసభ, ‘కొందరి బలహీనత’ను బట్టి నల్లవారికి వేరుగా ఆరాధన జరుపవచ్చు నని యనుజ్ఞ యిచ్చెను. బలహీనులెవరు? నల్లవాని ప్రక్కన గూర్చుండలేని తెల్లవారు! 1881లో వేరుసంఘమే యేర్పడెను. వేరుబల్ల వేరుసంఘమైనది, వేరుసంఘము తరువాతి కాలపు వర్ణవివక్ష ప్రభుత్వమునకు మతబలమైనది. ఆ వేరుచేయబడిన సంఘమే 1982లో బెల్హారు నగరమున ఒక విశ్వాసప్రకటనమును సిద్ధపరచి, 1986లో దానిని అంగీకరించి, వర్ణమునుబట్టి సంఘమును చీల్చుట సువార్తకు విరుద్ధ మని చాటెను. సన్నిధిని గూర్చిన కాల్విను వాక్యములలో ఒక్కయక్షరము మారకయే ఇదంతయు జరిగినది. బల్ల చెడినపుడు సిద్ధాంతము దానిని కాపాడలేకపోయెను.

ఆఫ్రికాను నిందించి మనము సుఖముగా నిద్రింపజాలము. కులభేద మీ దేశపు క్రైస్తవుల బల్లయొద్దకును వచ్చినది. తమిళదేశమున కొన్ని సంఘములయందు అగ్రవర్ణమునుండి వచ్చినవారు ముందుగను, తక్కినవారు వెనుకను పాత్ర నందుకొను నాచార ముండెను. కలకత్తా బిషప్పు డేనియల్ విల్సను 1833లో పంపిన లేఖయందు, ఈ భేదమును సంఘమునుండి పూర్తిగా తొలగింపవలె నని శాసించెను. అది విని పెక్కుమంది సంఘమునే విడిచిపోయిరి. క్రీస్తు ఆ పాత్రయం దెట్లుండు నను ప్రశ్న వారి నెన్నడును బాధింపలేదు. తమ కన్న ముందు దాని నెవరి పెదవులు తాకె నను ప్రశ్నయే వారిని బాధించెను. ఇది గతించిన కథ యని తృప్తిపడుటకును వీలులేదు. భారతదేశపు కథోలిక బిషప్పుల సమాఖ్య 2016లో ప్రకటించిన దళితవిధాన పత్రమునందు, కులవివక్ష తమ సంఘమునను కల దని యొప్పుకొని దానిని ఖండించెను. ఒప్పుకొనుట మెచ్చదగినది, ఒప్పుకొనవలసి వచ్చుట విచారింపదగినది. సహపంక్తి భోజన మనగానే సాకులు వెదకు మన హిందూసమాజమునకు ఈ విషయమున ఎవరిని తప్పుపట్టుటకును నోరు లేదు. అందుచేతనే ఈ చరిత్ర మనకును పాఠమగుచున్నది.

అయినను మరచిన భాగమును మరల జ్ఞప్తికి తెచ్చుకొన్నవారు లేకపోలేదు. 1919లో ట్రాంక్విబారునందు సమావేశమైన దక్షిణదేశపు క్రైస్తవులు సంఘైక్యమునకు పిలుపునిచ్చిరి. వారిలో ప్రముఖుడు, మన తెలుగునాట దోర్నకలు బిషప్పుగా నుండిన వి. ఎస్. అజరయ్య. ఆంగ్లికను సంఘమున బిషప్పుపదవి నందిన మొదటి భారతీయు డాతడే. ఆతడు 1945 జనవరి 1వ తేదీన కన్నుమూసెను. ఆతడు కోరిన ఐక్యము 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసునందు దక్షిణ ఇండియా సంఘ మను పేర సిద్ధించెను. ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలువారు అందు కలిసిరి. సన్నిధిని గూర్చి వీరి పూర్వులు నాలుగు విధములుగా వాదించినవారే. ‘ఎట్లు’ అను ప్రశ్న తీరువరకు వేచియుండక వీరు మొదట కలిసి భుజించిరి. యూరపునందు లూథరు ననుసరించు సంఘములును, జ్వింగ్లీ కాల్వినుల ననుసరించు సంఘములును 1973లో లోయెన్బెర్గు ఒప్పందముచేత ఒకరి బల్లయొద్ద నొకరు పాల్గొనుట కంగీకరించిరి. మార్బుర్గు కోటలో ఒక్క ముక్కకై విడిపోయినవారి సంతతికి కలిసికొనుటకు 444 సంవత్సరములు పట్టినది. రోమునకును ప్రొటెస్టెంటులకును నడుమ ఆ బల్ల యింకను రెండుగనే యున్నది.

విమర్శకునకు తీర్పు చెప్పవలసిన బాధ్యత కలదు గావున చెప్పుదుము. అక్వినాసు ద్రవ్యగుణవిభాగము వాక్యమును మోటుదనమునుండి కాపాడినది. లూథరు పట్టుదల వాక్యమును పలుచబారకుండ కాపాడినది. జ్వింగ్లీ ప్రశ్న దానిని మాయమంత్రము కాకుండ కాపాడినది. కాల్విను మౌనము దానిని తర్కమున కాహుతి కాకుండ కాపాడినది. నలుగురును కావలివారే. కాని కావలివారు తమలో తాము పోరాడుచుండగా ఇంటివారు వాకిట ఆకలితో నిలిచిరి. ఒక సంఘముయొక్క సన్నిధిసిద్ధాంతము సరియైనదో కాదో తెలిసికొనుటకు దాని గ్రంథములను చదువుట యొక మార్గము. పౌలు చూపినది మరియొకటి: ఆ బల్లయొద్ద చివర నిలిచినవా డెవడో, వాని చేతికి రొట్టె చేరినదో లేదో చూచుట. ఈ రెండవ పరీక్షకు లాటిను రానక్కరలేదు.